రీఫ్ ట్యాంకుకు స్టాండు, ప్లంబింగ్: విశాఖ ఇళ్ళకు ఏది సరిపోతుంది?

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టాలని అనుకోగానే చాలామంది ముందు వెల్డింగ్ షాపుకు వెళ్ళి నాలుగు అడుగుల స్టాండు చెప్పేసి వస్తారు. స్టాండు ఇంటికొస్తుంది, ట్యాంకు దాని మీద చక్కగా కూర్చుంటుంది. తీరా చూస్తే సంపు, అంటే నీళ్ళు శుభ్రమయ్యే కింది చిన్న ట్యాంకు, లోపలికి పట్టదు. పట్టినా, నురగతో మురికి తీసే స్కిమ్మర్ కప్పు పైకెత్తి తీయడానికి జాగా ఉండదు. ట్యాంకు నీళ్ళను సంపులోకి దించే ఓవర్‌ఫ్లో పైపు దిగాల్సిన చోటే ఫ్రేము అడ్డం వస్తుంది. అందుకని వరస తిరగేసుకోవాలి. ముందు ఓవర్‌ఫ్లో ఏ రకమో తేల్చుకోండి, తర్వాత పైపు, తర్వాత సంపు. ఇవన్నీ కొలతలతో కాగితం మీదికి వచ్చాకే స్టాండు.

విశాఖలో ఇంకో రెండు విషయాలు ఈ ఎంపికలన్నిటి మీదా పడతాయి. ఒకటి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు కిటికీ గ్రిల్లులు ఎంత త్వరగా పెచ్చులూడతాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. సముద్రానికి దూరంగా ఉన్న ఇంట్లో కూడా సంపు ఉన్న స్టాండు లోపల అదే గాలి ఉంటుంది, పైగా తలుపులు మూసి ఉంటాయి. రెండోది కరెంటు. పది నిమిషాలు పోయి వచ్చే కరెంటు చాలు, పైపింగులో తప్పుంటే హాలు నిండా నీళ్ళవడానికి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడైతే నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు.

ముందు బరువు

ఇక్కడి లెక్కలన్నీ 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకుకు. గాజు 12 మి.మీ. నిండా పోస్తే సుమారు 450 లీటర్లు. ఉప్పునీరు లీటరుకు 1.025 కిలోలు తూగుతుంది కాబట్టి నీళ్ళే 460 కిలోలు. గాజు 90 కిలోలు. రాళ్ళు, ఇసుక కొంత నీటిని బయటికి నెడతాయి గనక నికరంగా 45 కిలోలు వేసుకోండి. అంటే స్టాండు పై ఫ్రేము మీద 600 కిలోలు. సంపు గాజు, దానిలో నీళ్ళు, స్టాండు కలిపితే నేల మీద పడేది 750 కిలోల పైమాటే.

మన ఇళ్ళ గదుల శ్లాబును భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకపు బరువుకు లెక్కగడతారు. ట్యాంకు నిలబడే చోటు 0.74 చదరపు మీటర్లు. అంటే ఆ కాస్త జాగాలో చదరపు మీటరుకు వెయ్యి కిలోలు పడుతున్నట్టు. గది మొత్తం మీద పంచితే ఇది పెద్ద బరువు కాదు, కానీ శ్లాబు నడిమధ్యలో పెట్టకూడదు. కింద బీము వెళ్తున్న గోడ పక్కన, వీలైతే పిల్లరు మూలకు దగ్గరగా పెట్టాలి. బీము ఎటు వెళ్తోందో కింది అంతస్తు వాళ్ళ సీలింగు చూస్తే తెలుస్తుంది. ఐదారు అడుగుల ట్యాంకు అయితే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించకుండా ముందుకెళ్ళకండి. టైల్స్ మీద రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన టైలు మీద స్టాండు కాలు పడితే అది పగులుతుంది, ఒక కాలు కిందికి దిగుతుంది, ఆ మెలి నేరుగా గాజు మీదికి వెళ్తుంది.

రాళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. ఒడ్డున దొరికే పగడపు రాయి తెచ్చి ట్యాంకులో పెట్టకండి. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సిరామిక్‌తో తయారుచేసిన రాళ్ళు దొరుకుతున్నాయి, వాటితో రీఫ్ బ్రహ్మాండంగా నడుస్తుంది.

ఓవర్‌ఫ్లో: నాలుగు దారులు

ట్యాంకు అంచుకు తగిలించే సైఫన్ పెట్టె మొదటిది. గాజుకు రంధ్రం అక్కర్లేదు కాబట్టి తేలికగా కనిపిస్తుంది. దీని ప్రాణమంతా సైఫన్ గొట్టంలోని నీటి మీదే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ గొట్టంలోకి గాలి చేరితే సైఫన్ మళ్ళీ మొదలవదు. సంపులోని పంపు మాత్రం నీళ్ళను పైకి తోస్తూనే ఉంటుంది. కరెంటు మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేని ఊళ్ళో దీన్ని అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

రెండోది డర్సో. ఒకటే పైపు, పైన T ఆకారపు ఫిట్టింగు (టీ), టీ నెత్తిన మూతకు చిన్న గాలి రంధ్రం. నీళ్ళు, గాలి కలిసి దిగుతాయి కాబట్టి పైపు నిండా నీళ్ళు పారవు. అంగుళం పైపు చప్పుడు లేకుండా గంటకు 1,100 లీటర్లు, అంగుళంన్నర అయితే 2,200 లీటర్లు మోస్తుంది. అంతకు మించితే గళగళ మొదలవుతుంది, రాత్రి హాల్లో పడుకునేవాళ్ళు ఉంటే ఒక వారం కూడా భరించలేరు. పైగా ఉన్నది ఒక్క పైపే. అందులోకి నత్త దూరినా, ఆల్గే తుట్టె పడినా రెండో దారి లేదు. మూడు అడుగుల లోపు ట్యాంకుకు సరే, నాలుగడుగులకు వద్దు.

మూడోది హెర్బీ, రెండు పైపులది. మొదటి పైపు నీటి మట్టానికి బాగా దిగువన ఉంటుంది, దానికి వాల్వు ఉంటుంది, గాలి లేకుండా నిండుగా పారుతుంది. అంగుళం పైపు ఇలా పారితే గంటకు 3,000 లీటర్లు సునాయాసంగా మోస్తుంది, చప్పుడే ఉండదు. రెండో పైపు కాస్త ఎత్తులో నిలబడి అత్యవసరానికి ఎదురుచూస్తుంది. దానికి వాల్వు పెట్టకూడదు, ఎందుకూ పెట్టకూడదు.

నాలుగోది బీన్ యానిమల్, మూడు పైపులది. ఒకటి నిండు సైఫన్. రెండోది మామూలుగా కొద్ది నీటిని గాలితో కలిపి దింపే పైపు. దాని మూతలోంచి సన్నటి ఎయిర్ ట్యూబు తెచ్చి, చివర నీటి మట్టానికి కాస్త పైన ఉంచుతారు. మొదటి పైపు మూసుకుపోతే మట్టం పెరిగి ఆ ట్యూబు మునుగుతుంది, గాలి ఆగిపోతుంది, రెండో పైపు తనంతట తానే సైఫన్ అవుతుంది. మూడోది ఎప్పుడూ పొడిగా ఉండే కాపలా పైపు.

హెర్బీకి, బీన్ యానిమల్‌కి తేడా రోజువారీ నిలకడలో తెలుస్తుంది. హెర్బీలో సైఫన్ వాల్వును ఎంత సరిగ్గా తిప్పినా, పంపులో మురికి చేరి ప్రవాహం కాస్త మారిందంటే పైపులు నిలబడే ఓవర్‌ఫ్లో పెట్టెలో మట్టం జరుగుతుంది, వారానికో రెండు వారాలకో మళ్ళీ తిప్పాలి. బీన్ యానిమల్‌లో ఆ హెచ్చుతగ్గుల్ని రెండో పైపు మింగేస్తుంది. కొత్తగా ట్యాంకు చేయించుకునేవాళ్ళు మూడు రంధ్రాలు పెట్టించుకోవడమే మేలు. రెండు రంధ్రాలున్న మూల పెట్టెతో రెడీమేడ్ ట్యాంకు దొరికితే హెర్బీ చేసుకోండి, ట్యాంకు మార్చక్కర్లేదు.

రెండింటిలోనూ ఎక్కువగా జరిగే పొరపాటు పైపు కింది కొసలో ఉంటుంది. సంపులో ఆ కొస నీళ్ళలోకి 2 లేదా 3 సెం.మీ. మాత్రమే మునగాలి. పది సెం.మీ. ముంచితే పంపు మళ్ళీ మొదలైనప్పుడు పైపులో ఇరుక్కున్న గాలి ఆ నీటిని తోసుకుని బయటికి రాలేదు, సైఫన్ పట్టుకోదు, నీళ్ళన్నీ అత్యవసర పైపు మీద పడతాయి. వాల్వు బాగాలేదని మార్చేసేవాళ్ళు ముందు ఈ కొసను కోసి చూడాలి.

రంధ్రాల చోటు కూడా స్టాండును మారుస్తుంది. అడుగు గాజుకు రంధ్రాలైతే వాటి కింద ఫ్రేము అడ్డుబద్ద రాకూడదు. వెనక గాజుకు పెట్టి బయట పెట్టె కట్టిస్తే గోడకూ ట్యాంకుకూ మధ్య 15 నుంచి 18 సెం.మీ. వదలాలి. రంధ్రం చేయించే ముందు ఆ గాజు వేడిచేసి గట్టిపరిచిన టఫెన్డ్ రకం కాదని ఖాయం చేసుకోండి, టఫెన్డ్ గాజుకు బిట్టు పెడితే మొత్తం పలక ముక్కలైపోతుంది. రంధ్రం అంచు నుంచి గాజు అంచు వరకు కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉంచాలి. రంధ్రంలో పైపును బిగించే ట్యాంక్ నిప్పిల్ కొని చేతిలో పెట్టుకుని, దాని మరల బయటి వ్యాసం కొలిచాకే బిట్టు సైజు చెప్పండి. నిప్పిల్ బిగించేటప్పుడు రబ్బరు వాషరు నీళ్ళవైపున్న ఫ్లాంజ్ (వెడల్పు అంచు) కింద రావాలి, నట్టు వైపు కాదు. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు చాలు. పైపు పానాతో బలంగా తిప్పితే వాషరు పక్కకు పొంగి అక్కడే కారుతుంది.

ఒక అంగుళం పైపులు మూడు రకాలు

షాపులో నిలబడి ఒక అంగుళం పైపు, ఒక అంగుళం ఎల్బో అని అడిగితే అవి ఒకదానికొకటి పట్టకపోవచ్చు. తెల్లగా ఉండే ప్లంబింగ్ యూపీవీసీ, షెడ్యూల్ 40 లేదా 80 అని రాసి ఉండేది, ఒక అంగుళం అంటే బయటి వ్యాసం 33.4 మి.మీ. పొలాలకు వాడే బూడిదరంగు పీవీసీ ఐఎస్ 4985 కొలతది, 32 మి.మీ. వేడినీళ్ళకు వాడే లేతపసుపు సీపీవీసీ 28.6 మి.మీ. ఆన్‌లైన్‌లో తెప్పించే అక్వేరియం ఫిట్టింగులు కొన్ని అంగుళాల కొలతవి, కొన్ని 32 మి.మీ. కొలతవి. వెర్నియర్ కాలిపర్స్ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి.

33.4 సాకెట్‌లో 32 పైపు పెట్టి, పైపులు అతికించే సొల్యూషన్ దండిగా పోస్తే ఆరోజు కారదు. సొల్యూషన్ పని సందు నింపడం కాదు, రెండు ప్లాస్టిక్ ముఖాలను కరిగించి ఒకటి చేయడం. ఒకదాన్నొకటి గట్టిగా తాకని చోట అది పొరలా ఎండి, నెలల తర్వాత పంపు అదురుకు ఊడి వస్తుంది.

మూడింట్లో ఏది? తెల్ల యూపీవీసీ షెడ్యూల్ 80. ఎల్బోలు, టీలు, విప్పి మళ్ళీ బిగించుకునే యూనియన్లు, వాల్వులు అన్నీ అదే కొలతలో ఊళ్ళోనే దొరుకుతాయి. ఆశీర్వాద్, ఆస్ట్రల్, సుప్రీమ్ లాంటి కంపెనీలన్నీ చేస్తాయి. పైపు మీద లెడ్ ఫ్రీ అన్న అచ్చు చూసుకోండి. సీపీవీసీ లోపలి రంధ్రం చిన్నది, మనకు వేడినీళ్ళ అవసరమూ లేదు. బూడిదరంగు పీవీసీ చౌక, కానీ చిన్న సైజుల్లో యూనియన్లు, వాల్వులు అన్నీ ఒకచోట దొరకడం కష్టం. 32 మి.మీ. దిగుమతి ఫిట్టింగులు ముందే కొనేసినవాళ్ళకు మాత్రం అదే దారి, అప్పుడైనా ముక్కను పెట్టి చూసి కొనాలి.

రాగి గురించి జాగ్రత్త. ప్లంబరును పిలిస్తే మరల దగ్గర అలవాటుగా ఇత్తడి ఇన్సర్టున్న ఫిట్టింగు వేస్తాడు, ఇళ్ళలో అదే మంచిది కూడా. రీఫ్‌లో అది విషం. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఉప్పునీరు దాన్ని మెల్లగా తింటుంది, అతి కొద్ది రాగిని కూడా రొయ్యలు, నత్తలు, పగడాలు తట్టుకోలేవు. చేపలు మాత్రం బాగానే తిరుగుతుంటాయి, అందుకే కారణం ఎంతకీ దొరకదు. మరలన్నీ పూర్తి ప్లాస్టిక్‌వే కావాలని, ఫిట్టింగు నోట్లోకి చూసి పసుపు రింగు లేదని తేల్చుకుని తీసుకోండి. గేట్ వాల్వు విషయంలోనూ ఇదే ఇబ్బంది: హార్డ్‌వేర్ షాపులో ఆ పేరు చెబితే సాధారణంగా ఇత్తడిదే చేతిలో పెడతారు. సైఫన్ లైనుకు పీవీసీ గేట్ వాల్వు అక్వేరియం సరుకుల్లో వెతికి తెప్పించుకోండి, ఖర్చు పెట్టాల్సిన చోటు ఇది. బాల్ వాల్వు పావు తిప్పులోనే మూసుకుపోతుంది, సన్నగా సరిచేయడం దానితో చిరాకు. బాల్ వాల్వులు నీటిని చల్లబరిచే చిల్లర్ లైనుకు, ఫిల్టరు పదార్థం నింపిన మీడియా రియాక్టర్ల పాయలకు వాడుకోండి.

యూనియన్ ఎక్కడ పెట్టాలో తేలిక లెక్క ఉంది. ట్యాంకు నుంచి దిగే ప్రతి పైపుకూ ఒకటి, నీళ్ళను తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపు దగ్గర ఒకటి, చిల్లరుకు రెండు, వాల్వు కింద ఒకటి. సంపును పక్కనుంచి బయటికి లాగాల్సి వస్తే హాక్సా బ్లేడు పట్టుకోకుండా అన్నీ ఊడిరావాలి.

అతికించడం తొందర పని కాదు. పైపును వంకర లేకుండా అడ్డంగా కోసి, లోపలి బయటి అంచుల గరుకును సాన్‌పేపరుతో తీసి, అన్నిటినీ ముందు పొడిగా పెట్టి చూసుకుని, జాయింటు మీదుగా మార్కరుతో గీత గీయండి. సొల్యూషన్ పైపుకూ సాకెట్టుకూ రెండింటికీ పల్చగా రాసి, పావు తిప్పుతూ గీతలు కలిసేదాకా నెట్టి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి జారుతుంది. వానాకాలం తేమలో ఇరవై నాలుగు గంటలు ఆగి నీళ్ళు పెట్టండి.

బ్రెయిడెడ్ హోసుతో మొత్తం చేసేద్దామనేవాళ్ళు ఉంటారు. వంపుల్లో నొక్కుకుపోతుంది, లోపల మురికి పేరుకుంటుంది, బిగించే స్టీలు క్లిప్పులు తుప్పు పట్టి ఆ నీళ్ళు సంపులోనే పడతాయి. హోసు ముక్క నిజంగా ఉపయోగపడే చోటు ఒకటే: పంపు నోటికీ గట్టి పైపుకూ మధ్య పది సెం.మీ. సిలికాన్ హోసు. పంపు అదురు స్టాండుకు, స్టాండు నుంచి గదికి పాకకుండా అది ఆపుతుంది.

రిటర్న్ లైను, కరెంటు పోయిన నిమిషం

ఈ ట్యాంకులో ఒక సెం.మీ. మట్టం అంటే 7.2 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

సంపు 90 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు అనుకుందాం. నడిచేటప్పుడు 22 సెం.మీ. నీళ్ళుంటే పైన ఖాళీ 65 లీటర్లు. కరెంటు పోగానే రిటర్న్ పైపు తిరగబడి సైఫన్ అవుతుంది, దాని నోరు గాలికి తేలేవరకూ ట్యాంకు నీళ్ళు కిందికి వస్తూనే ఉంటాయి. నోరు మట్టానికి 10 సెం.మీ. దిగువన ఉంటే 72 లీటర్లు, అంటే సంపు పొంగినట్టే. నోరు 2 సెం.మీ. దిగువనే ఉంటే 15 లీటర్లు, ఓవర్‌ఫ్లో పెట్టె, పైపుల్లోని నీళ్ళు ఇంకో 10 లీటర్లు. మొత్తం 25 లీటర్లు, నిశ్చింతగా పడతాయి.

నీళ్ళు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టాం కదా అని నోటిని కిందికి దించేవాళ్ళు ఎక్కువ. ఆ వాల్వు రెక్క మీద సున్నపు పొర పేరుకున్నా, చిన్న నత్త కూర్చున్నా అది పూర్తిగా మూసుకోదు. పైగా ప్రవాహాన్నీ తగ్గిస్తుంది. దాన్ని అసలు పెట్టకుండా, నోరు పైన ఉంచడమే సరైన పరిష్కారం. రిటర్న్ పైపుకు మట్టం దగ్గర 6 మి.మీ. గాలి రంధ్రం అదనపు రక్షణ, కానీ నెలకోసారి అందులో పాత టూత్‌బ్రష్ కుచ్చు పెట్టి శుభ్రం చేయాలి. గులాబీరంగు ఆల్గే దాన్ని గట్టిగా మూసేస్తుంది.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది: కిందికి వచ్చే పైపులన్నీ మూసుకుపోయి పంపు మాత్రం నడవడం. పంపు గది 20 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 22 సెం.మీ. నీళ్ళు అయితే అందులో ఉన్నది 17.6 లీటర్లే. అవన్నీ పైకి పోయినా ట్యాంకులో రెండున్నర సెం.మీ. కంటే పెరగదు. కాబట్టి నడిచే మట్టం ట్యాంకు అంచుకు కనీసం 4 సెం.మీ. దిగువన ఉండేలా ఓవర్‌ఫ్లో పెట్టె అంచు పళ్ళ ఎత్తు పెట్టించండి. ఆవిరైన నీటిని నింపే ఆటో టాప్ ఆఫ్ ఉంటే ఈ లెక్క చెడుతుంది, పంపు గది ఖాళీ కాగానే అది మంచినీళ్ళు పోస్తూ పోతుంది. దాని డబ్బా 10 లీటర్లకు మించనివ్వకండి, లేదా ట్యాంకులో పై మట్టం ఫ్లోట్ స్విచ్ పెట్టి రిటర్న్ పంపునే ఆపేయండి.

పంపు: సంపు ద్వారా గంటకు ట్యాంకు నీళ్ళకు ఐదు నుంచి ఏడు రెట్లు తిరిగితే చాలు, 2,250 నుంచి 3,150 లీటర్లు. మిగతా అల్లకల్లోలం ట్యాంకులో అలలు పుట్టించే వేవ్‌మేకర్ల పని. సంపు మట్టం నుంచి ట్యాంకు అంచుకు దాదాపు 1.15 మీటర్లు, వంపులూ వాల్వూ కలిపి హెడ్, అంటే పంపు నీటిని ఎత్తాల్సిన ఎత్తు, 1.7 మీటర్లు వేసుకోండి. డబ్బా మీద 6,000 లీటర్లు, గరిష్ఠ హెడ్ 4 మీటర్లు అని ఉన్న పంపు ఇక్కడ సగానికి అటూఇటూ ఇస్తుంది. 24 వోల్టుల డీసీ పంపు తీసుకుంటే వేగం తగ్గించుకోవచ్చు, ఇంటి ఇన్వర్టరు మీద తక్కువ వేగంతో ఎక్కువసేపు నడుపుకోవచ్చు. పంపు నోరు ముప్పావు అంగుళమైనా పైపు అంగుళమే వేయండి.

చిల్లరును స్టాండు లోపల పెట్టవద్దు. తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటూ ఆగకుండా నడుస్తుంది. విశాఖ ఎండాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్లతో ఆవిరి చేసి నీటిని చల్లబరిచే పద్ధతి లోతట్టు ఊళ్ళలో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు. చిల్లరు తప్పదు, దాని పైపుల దారి మొదటిరోజే వదలండి.

స్టాండు: ఏ సరుకు?

లోపలి ఎత్తు స్కిమ్మరు నిర్ణయిస్తుంది. స్కిమ్మరు 55 సెం.మీ. ఉంటే, సంపు గాజు, కింది ప్యాడ్ కలుపుకుని, కప్పు ఎత్తడానికి ఇంకో 12 సెం.మీ. వదిలితే 70 సెం.మీ. కావాలి. ఫ్రేములు, పై పలక కలిపితే స్టాండు 80 సెం.మీ., అంటే 32 అంగుళాలు.

మైల్డ్ స్టీలు స్క్వేర్ పైపు చాలామందికి సరైన ఎంపిక. చౌక, ఆటోనగర్‌లోనైనా కంచరపాలెంలోనైనా చేసేవాళ్ళున్నారు. గేట్లకు వాడే 16 గేజు, అంటే 1.6 మి.మీ. పైపు వద్దని ముందే చెప్పండి. బలం చాలకపోవడం కంటే వంగడమే ఇక్కడ అసలు సమస్య. 40×40 మి.మీ., 2 మి.మీ. మందం పైపు నాలుగడుగుల పొడవునా మధ్యలో కాలు లేకుండా ఉంటే ఈ బరువుకు లెక్క ప్రకారం నాలుగున్నర మి.మీ. వరకు కిందికి వంగుతుంది. విరగదు, కంటికీ కనపడదు, కానీ గాజుకు, సిలికాన్ అతుకుకు అది చాలా ఎక్కువ. ముందూ వెనకా మధ్యలో ఒక్కో కాలు పెడితే ఆ వంపు అర మి.మీ. లోపుకు వస్తుంది. ముందు కాలు అడ్డమనిపిస్తే పై పొడవు బద్దలకు 80×40 మి.మీ., 3 మి.మీ. మందం పైపును 80 వైపు నిలువుగా ఉండేలా వాడండి, 0.6 మి.మీ. దగ్గర ఆగుతుంది. ఆరు కాళ్ళ స్టాండులో సంపు పక్కనుంచి దూరుతుంది, కాబట్టి ఒక పక్క అడ్డుబద్ద లేకుండా వదిలించండి. వెనక మాత్రం ఏటవాలు బద్ద ఉండాలి, లేకపోతే స్టాండు పక్కలకు ఊగుతుంది. కాళ్ళ కింద 100×100 మి.మీ. ప్లేటు, దాని కింద రబ్బరు ప్యాడ్.

తుప్పు సంగతి వెల్డింగ్ షాపులోనే తేలాలి. కాలు కింది కొస, అడ్డు పైపుల తెరిచిన నోళ్ళు చూడండి. అవి తెరిచి ఉంటే ఉప్పు తేమ లోపలికి పోయి పైపు లోపలినుంచి తింటుంది, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. ప్రతి నోటికీ రేకు పెట్టి చుట్టూ పూర్తి వెల్డింగ్ చేయించండి, చుక్కలుగా టాక్ వేసి వదిలేయనివ్వకండి. తర్వాత గ్రైండింగు, తిన్నర్‌తో తుడవడం, ఎపాక్సీ జింక్ ప్రైమర్ రెండు కోట్లు, పైన పీయూ (పాలీయూరిథేన్) పెయింటు రెండు కోట్లు. గేటుకు కొట్టినట్టు రెడ్ ఆక్సైడ్, ఎనామెల్ కొట్టి పంపితే సంపు పైన, పైపులు దిగే వెనక మూలలో ముందు బుడగలు లేస్తాయి. అక్కడే తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది. పౌడర్ కోటింగ్ చూడ్డానికి బాగుంటుంది, కానీ గీత పడిందంటే తుప్పు కోటింగు అడుగున పాకుతుంది, పైనుంచి సరిచేయడం కుదరదు. ఇంట్లో బ్రష్షుతో టచప్ చేసుకోగలిగిన ఎపాక్సీ, పీయూ జతే మేలు.

స్టెయిన్‌లెస్ స్టీలు 304 పెట్టుకోగలిగితే మంచిదే, పైపైన టీ మరకల్లాంటి గోధుమరంగు వస్తుంది, తుడిస్తే పోతుంది. కానీ 304 అని చెప్పి 202 అంటగట్టడం మామూలే. 202లో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, ఉప్పు దగ్గర త్వరగా చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. అయస్కాంతం రెండింటికీ అతుక్కోదు, దాంతో తేలదు. మాంగనీస్ పరీక్ష ద్రవం చుక్క వేసి చూపించమనండి, 202 మీద ఎర్రబడుతుంది. 202 స్టాండు కంటే బాగా పెయింటు చేసిన మైల్డ్ స్టీలే మంచిది.

ప్లైవుడ్ స్టాండు అందంగా ఉంటుంది. ఐఎస్ 710 మెరైన్ గ్రేడు 18 మి.మీ. అయితేనే, అదీ కోసిన ప్రతి అంచుకూ, స్క్రూ రంధ్రానికీ ఎపాక్సీ రాస్తేనే. నీళ్ళు పలక ముఖం నుంచి కాక అంచు నుంచి ఎక్కుతాయి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఒక్కసారి తడిస్తే ఉబ్బి అయిపోయినట్టే. స్టీలు ఫ్రేము బరువు మోసి, తలుపులకు, పక్కలకు చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన డబ్ల్యూపీసీ బోర్డు వేసుకోవడం తెలివైన కలయిక. డబ్ల్యూపీసీ తడికి చెడదు, కానీ బరువు కింద మెల్లగా వంగుతుంది, పై పలకగా వాడవద్దు.

అల్యూమినియం ప్రొఫైలు 40×40, బోల్టులతో బిగించేది, అద్దె ఇళ్ళలో ఉండి రెండేళ్ళకోసారి మారేవాళ్ళకు మంచి ఎంపిక. విడదీసి లిఫ్టులో తీసుకెళ్ళొచ్చు. ఖరీదు ఎక్కువ, స్టీలు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట ఉప్పు చేరితే తెల్లపిండిలా తింటుంది, కాబట్టి ఏడాదికోసారి తుడిచి చూడాలి. ఇటుక కట్టి గ్రానైటు పరిచేది సొంత ఇంట్లో, కింది అంతస్తులో మాత్రమే. తుప్పు బాధ లేదు, ఊగదు. కానీ సంపు తీయడానికి దారి వదలడం మర్చిపోతే గోడ పగలగొట్టాలి. కడప రాయి పొరలుగా విడిపోతుంది, పరవాల్సింది గ్రానైటే.

ఏ స్టాండైనా పైన 18 మి.మీ. మెరైన్ ప్లై పరిచి, స్పిరిట్ లెవెల్ పెట్టి, నాలుగడుగుల మీద 2 మి.మీ. లోపు తేడాకు తేవాలి. సర్దుబాటు కాళ్ళ కిందే చేయాలి, ట్యాంకు కింద కాగితాలు దూర్చి కాదు. అడుగు గాజు నేరుగా కూర్చునే ట్యాంకుకు 10 మి.మీ. ఫోము షీటు వేయండి. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము మీద నిలబడే ట్యాంకుకు ఫోము వేయకూడదు, అది మధ్యలో గాజును పైకి నెడుతుంది.

కరెంటు బోర్డు సంపు పైన కాకుండా పక్క అరలో, మధ్యలో గోడతో ఉండాలి. ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి వేలాడి పైకెక్కాలి, అప్పుడే కారిన నీళ్ళు వైరు మీదుగా సాకెట్లోకి పోవు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టకండి.

నీళ్ళు పోసి చూడడం

ఇసుక, రాయి ఏదీ వేయక ముందు కుళాయి నీళ్ళతో నింపి నలభై ఎనిమిది గంటలు నడపండి. జాయింట్ల కింద టిష్యూ పేపరు చుట్టి ఉంచితే చిన్న చెమ్మ కూడా కనిపిస్తుంది. సైఫన్ వాల్వు పూర్తిగా తెరిచి పంపు వేసి, ఓవర్‌ఫ్లో పెట్టెలో గాలి పీల్చే చప్పుడు ఆగేవరకూ కొద్దికొద్దిగా మూయండి. హెర్బీలో అత్యవసర పైపులోకి సన్నటి ధార మాత్రమే పోతున్నప్పుడు మూయడం ఆపేయాలి.

తర్వాత పంపు ప్లగ్గు తీసేయండి. నీళ్ళు దిగడం పూర్తిగా ఆగాక సంపు అంచుకు ఎంత మిగిలిందో చూసి, మళ్ళీ పెట్టండి, సైఫన్ తనంతట తాను ఎంతసేపట్లో పట్టుకుందో గడియారం చూసుకోండి. నిమిషం రెండు నిమిషాల్లో పట్టుకోకపోతే పైపు కొసను ఇంకో సెం.మీ. కోయండి. ఇలా కనీసం ఐదుసార్లు. సైఫన్ పైపు నోటికి చేయి అడ్డం పెట్టి, మిగతా పైపులు నీళ్ళను మోస్తున్నాయో లేదో కూడా చూడండి. అంతా నిలకడగా ఉన్నాక, పంపు ఆపినప్పుడు సంపులో నీళ్ళు అంచుకు కనీసం 10 సెం.మీ. కింద ఆగేలా నీటిని తగ్గించో పెంచో, తిరిగి పంపు వేసి, నడుస్తున్నప్పుడు పంపు గదిలో ఉన్న మట్టం దగ్గర సంపు గాజు మీద పర్మనెంట్ మార్కరుతో గీత గీయండి. ఇంట్లో ఎవరు నీళ్ళు పోసినా ఆ గీత వరకే పోయాలి.